మే నెలలో తోడుకోని పెరుగు: ఒక ఇంటి పాడి కేసు

ఎండాకాలంలో పెరుగు పులిసిపోతోందని ఎవరైనా చెబితే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. తోడుకోవడం లేదని చెబితే మాత్రం ఆగి వినాలి. పశువైద్యుడిగా చూసిన కేసుల్లో దీన్ని ప్రత్యేకంగా రాసి పెట్టడానికి కారణం ఉంది. గొడ్ల చావిడిలో ఏం జరుగుతోందో పాల కేంద్రంలో మిషన్ కంటే, నా థర్మామీటర్ కంటే ముందు ఆ ఇంటి వంటగదికి తెలిసింది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, ఊరు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

పల్నాడులో ఒక ఊరు. రెంటచింతల ఎండల గురించి ఏటా పేపర్లో చదివేవాళ్ళకు అక్కడి మే నెల ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో పెద్దాయన, ఆయన భార్య, కొడుకు, కోడలు, బడి సెలవుల్లో ఉన్న ఇద్దరు పిల్లలు. చావిడిలో పాలిచ్చే గ్రేడెడ్ ముర్రా గేదెలు ఆరు, జెర్సీ సంకర ఆవులు రెండు, వట్టిపోయిన గేదె ఒకటి, దూడలు. కొంచెం మాగాణి, అరెకరంలో సూపర్ నేపియర్ పచ్చిగడ్డి. సాగర్ కాలువకు నీళ్ళు ఆపేశాక ఊరి చెరువు అడుగంటుతుంది కాబట్టి వేసవిలో గేదెలు నీళ్ళల్లో పడుకునే అవకాశం లేదు. ఉన్నది ఒక్క బోరు.

ఆ ఇంట్లో వేసవి వంటంతా పాల మీదే నడుస్తుంది. పొద్దున మజ్జిగ పోసిన చద్దన్నం, నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. పెద్దాయనకు షుగరు ఉంది కాబట్టి పలచగా రాగి అంబలి, అందులోనూ మజ్జిగే. మధ్యాహ్నం పప్పు, కొత్త ఆవకాయ, నెయ్యి, ఆఖర్న గడ్డపెరుగు. రాత్రి మజ్జిగ పులుసు. ఇవి కాక మేలోనే చల్లమిరపకాయలు పెట్టుకోవాలి. చీల్చిన మిరపకాయల్ని ఉప్పు వేసిన పుల్ల మజ్జిగలో రాత్రంతా నానబెట్టి, పగలు ఎండలో పోసి, మళ్ళీ రాత్రి అదే మజ్జిగలో వేస్తూ మజ్జిగంతా ఇంకేదాకా చేయాలి. ఏడాదికి సరిపడా పెడతారు.

ఇంటికని రోజూ మూడు లీటర్లు పక్కన పెడతారు. పెరట్లో దాలిగుంట ఇంకా ఉంది. పిడకల సెగ మీద మట్టికుండలో పాలు మధ్యాహ్నం దాకా కాగి, లేత గోధుమరంగుకు వచ్చి, పైన మీగడ దుప్పటిలా కడుతుంది. పిల్లలు తాగే ఆవుపాలు వేరు, ఆ మూడు లీటర్లు మాత్రం ఎప్పుడూ ఒకే గేదెవి. మూడో ఈత గేదె, నెమ్మదైంది, మీగడ బాగా కడుతుందని అత్తగారు దాన్ని ఇంటికి ఖాయం చేసుకున్నారు. ఇంట్లో అందరూ దాన్ని ఇంటిగేదె అనే అంటారు. తర్వాత చిక్కుముడి విడిపోయింది ఈ అలవాటు వల్లే.

ఏ సమస్యతో పిలిచారు

ఫోన్ చేసింది కొడుకు. ఏప్రిల్ మొదట్లో పూటలు రెండూ కలిపి 45 లీటర్లు ఉన్న పాలు 31కి పడ్డాయి. గేదెపాల వెన్న శాతం 7 దగ్గర ఉండేది కాస్తా 6 కిందికి వచ్చింది. ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాక మిగిలిన ఘనపదార్థం) కూడా తగ్గడంతో కేంద్రంలో రేటు కోశారు. అది చాలదన్నట్టు, క్యాన్లు దించేచోట ఎవరో "ఎండలు కదా, నీళ్ళు బాగా తాగుతున్నట్టున్నాయి మీ పాలు" అన్నారట. ఇంట్లో అసలు టెన్షన్ ఆ మాటతోనే మొదలైంది.

చావిడిలో అన్నీ రొప్పుతున్నాయి. సగానికి పైగా పేడ పలచగా, పుల్లటి వాసనతో వేస్తున్నాయి. పడుకున్న గొడ్లలో నెమరు వేసేవి తక్కువ. ఇంటిగేదె పొదుగులో కుడి వెనక భాగం కాస్త గట్టిగా తగిలింది.

పెరుగు సంగతి ఎవరూ ఫిర్యాదుగా చెప్పలేదు. మజ్జిగ ఇస్తారేమోనని చూస్తుంటే నిమ్మకాయ నీళ్ళు వచ్చాయి. పాడి ఉన్న ఇంట్లో మేలో మజ్జిగ లేకపోవడమేమిటని అడిగాను. "ఏం చెప్పమంటారు డాక్టరు బాబూ, పది గొడ్లు పెట్టుకుని పెరుగు పాకెట్లు కొనుక్కుంటున్నాం. బయట చెబితే నవ్వుతారు" అన్నారు అత్తగారు.

అంతకుముందు వాళ్ళు చేసినవి

పెరుగు కోసం చేయని ప్రయత్నం లేదు. తోడు రెట్టింపు వేశారు. పక్కింటి నుంచి కొత్త తోడు తెచ్చారు. స్టీలు గిన్నె మానేసి మట్టి ముంతలో తోడు పెట్టారు. మిరపకాయ తొడిమలు వేసి చూశారు. ఉప్పు, మిరపకాయలతో దిష్టి కూడా తీశారు. ఒకరోజు బాగానే తోడుకునేది, తర్వాత రెండు మూడు రోజులు పొద్దుటికి కూడా పాలు పాలలాగే ఉండేవి.

గొడ్ల కోసం చేసినవి మూడు. పాలు తగ్గాయని దాణా పెంచారు. చావిడి చుట్టూ నాలుగు వైపులా గోనెపట్టాలు కట్టి తడిపారు. ఇంటిగేదె పొదుగు వాచినప్పుడు మందుల షాపులో అడిగి చన్నులోకి ఎక్కించే యాంటీబయాటిక్ ట్యూబులు తెచ్చి వాడారు. వాపు తగ్గగానే ఆపేయడం, మళ్ళీ వాస్తే మళ్ళీ ఎక్కించడం. ట్యూబు వేసిన రోజు పాలు కేంద్రానికి పోయొద్దని షాపులో చెప్పారు. వీళ్ళు ఆ మాట నిజాయితీగా పాటించారు. ఒక్క చుక్క కూడా కేంద్రానికి పోయలేదు, ఇంటికి వాడుకున్నారు.

ఒక్కో నిర్ణయం వెనక ఆలోచన

ముందు తేల్చుకోవాల్సింది జ్వరమా, ఎండ వేడా అన్నది. మధ్యాహ్నం మూడింటికి గేదెలకు 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి ఉంది. ఆ అంకె చూస్తే ఎవరికైనా ఇంజెక్షన్ చేతిలోకి వస్తుంది. అందుకే తెల్లవారుజామున, పాలు తీసే ముందు మళ్ళీ చూడమని కొడుక్కి థర్మామీటర్ ఇచ్చాను. అన్నీ 101 దగ్గరే ఉన్నాయి. తెల్లారేసరికి దిగిపోయే వేడి రోగం వల్ల వచ్చింది కాదు, వాతావరణం వల్ల వచ్చింది. గేదెకు నల్ల చర్మం, ఆవుతో పోలిస్తే చెమట గ్రంథులు చాలా తక్కువ. నీళ్ళల్లో పడుకోవడమే దానికి అసలైన చల్లదనం. చెరువు ఎండిపోయాక ఆ పని మనం చేసిపెట్టాలి. మందకంతా ఇంజెక్షన్లు వేయాలన్న ఆలోచన అక్కడితో ఆగింది.

రెండోది పేడ. దాణా పెంచితే పేడ పలచబడటం మామూలే గానీ, ఆ పుల్లటి వాసనకు అది చాలదనిపించింది. కుడితి తొట్టి చూపించమన్నాను. బియ్యం కడుగు, కూరగాయల తొక్కు, తవుడుతో పాటు అడుగున బోలెడంత అన్నం ఉంది. పెళ్ళిళ్ళ రోజులు. విందుల్లో మిగిలిన అన్నం ఊళ్ళో పాడి ఉన్నవాళ్ళు తెచ్చుకుంటారు, పారేయడం ఎవరికీ మనసొప్పదు. వండిన అన్నం పశువు పొట్టలో చాలా త్వరగా పులుస్తుంది. ఎండకు గడ్డి తినడం ఎలాగూ తగ్గించింది, పైన దాణా, కింద అన్నం. పొట్టలో ఆమ్లం పెరిగి నెమరు తగ్గింది. పాలలో వెన్నలో పెద్ద వాటా తయారయ్యేది గడ్డి పీచు పులియడం వల్ల వచ్చే పదార్థాల నుంచి. ఆ గడ్డే లోపలికి పోకపోతే వెన్న ఎక్కడినుంచి వస్తుంది? కేంద్రంలో వెన్న శాతం పడటానికి నీళ్ళు కలపక్కర్లేదు, పెళ్ళి భోజనం చాలు.

మూడోది పెరుగు. మే నెల వేడికి తోడు వేసిన నాలుగైదు గంటల్లో పెరుగు గట్టిపడి, కాసేపు ఆలస్యమైతే పులిసిపోవాలి. సూక్ష్మజీవులకు అంత అనువైన వాతావరణంలో తోడుకోవడం లేదంటే రెండే దారులు కనిపించాయి. పాలలో ఆ సూక్ష్మజీవుల్ని చంపేది ఏదో ఉండాలి. లేదా పొదుగువాపు వల్ల పాల స్వభావమే మారి ఉండాలి. ట్యూబుల సంగతి అప్పుడు అడిగాను. ఎక్కించిన తేదీలు కొడుక్కి గుర్తు లేవు. కోడలు లోపలికి వెళ్ళి గోడ క్యాలెండర్ తెచ్చింది. పాల లెక్క రాసే క్యాలెండర్ అది. కొన్ని గళ్ళల్లో నీలం పెన్నుతో "పె" అని ఉంది. పెరుగు పాకెట్ కొన్న రోజులట, ఇంటి ఖర్చు లెక్క కోసం రాసుకుంది. మందుల షాపు చీటీల్ని పక్కన పెట్టి చూస్తే, ట్యూబులు కొన్న మర్నాటి నుంచి "పె"లు మొదలయ్యాయి. ట్యూబులు ఆపిన కొన్నాళ్ళకు ఆగిపోయాయి. మళ్ళీ కొన్నారు, మళ్ళీ వచ్చాయి.

దాలిలో పూటంతా కాగిన పాలలో మందేం మిగులుతుందని పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్నే. కాస్తే చాలా యాంటీబయాటిక్స్ పూర్తిగా పోవు. క్రిములు చస్తాయి, మందు ఉండిపోతుంది.

అనుమానం ఎంత బలంగా ఉన్నా ఒక్క గేదె మీదే నేరం మోపి ఊరుకుంటే మిగతావి తప్పించుకుంటాయి. అందుకని ఎనిమిది గ్లాసులు పెట్టించాను. ఎనిమిది పశువుల పాలు విడివిడిగా కాచి, ఒకే గోరువెచ్చదనానికి చల్లార్చి, ఒకే తోడు నుంచి ఒక్కో చెంచా. గ్లాసుల మీద పిల్లలు పేర్లు రాసి అంటించారు. సాయంత్రానికి ఆరు గ్లాసుల్లో పెరుగు కదలకుండా గట్టిపడింది. ఇంటిగేదె గ్లాసు వంచితే పాలు ధారగా కారాయి, వాసన కూడా తియ్యటి పాల వాసనే. ఎనిమిదో గ్లాసు ఎవరూ ఊహించనిది. ఒక జెర్సీ ఆవు పాలు తోడుకున్నాయి గానీ పెరుగు ముక్కలై, చుట్టూ నీళ్ళు ఊరాయి. దాని పొదుగు చేత్తో చూస్తే ఏ తేడా తెలియదు. పొదుగువాపును పట్టిచ్చే సీఎంటీ ద్రావణం నా దగ్గరుంది, దాంతో నాలుగు చన్నులూ పరీక్షిస్తే ఒక చన్ను పాలు జిగురుగా చిక్కబడ్డాయి. పైకి కనిపించని పొదుగువాపు. "వాడు వారం నుంచి ఆ ఆవు పాలు ఉప్పగా ఉన్నాయని తాగనంటున్నాడు సార్, మారాం చేస్తున్నాడనుకుని తిట్టాను" అంది కోడలు, చిన్నవాణ్ణి చూపిస్తూ. పొదుగువాపు ఉన్న పాలలో ఉప్పు శాతం పెరుగుతుంది. పిల్లవాడి నాలుక సరిగ్గానే చెప్పింది.

ఈ గ్లాసుల పరీక్షకు పరిమితి ఉంది. తోడుకుంటే మందు లేదని అర్థం కాదు, కొద్దిపాటి అవశేషం ఉన్నా తోడుకోవచ్చు. ఏ పశువును ముందు అనుమానించాలో చెప్పడానికి మాత్రం ఇంట్లో ఇంతకంటే చవకైన పరీక్ష లేదు.

వైద్యం

ఇంటిగేదెకు వెంటనే ఇంకో యాంటీబయాటిక్ మొదలుపెట్టలేదు. తెల్లవారుజామున జ్వరం లేదు, మేత తింటోంది. రెండు మూడు రోజులు ఆగినా ప్రాణం మీదికి రాదు. అరకొర కోర్సులతో ఏ క్రిములు మొండికేశాయో తెలియకుండా మళ్ళీ గుడ్డిగా వేస్తే వాళ్ళు చేసిందే నేనూ చేసినట్టు. పాల నమూనా ల్యాబుకు పంపి, రిపోర్టు వచ్చేదాకా ఆ చన్నును రోజుకు నాలుగైదుసార్లు పూర్తిగా పిండేయమన్నాను. రిపోర్టు చూసి మందు ఎంచి కోర్సు మొత్తం పూర్తిచేశాం. జెర్సీ ఆవుకూ అంతే.

ఆ రోజుల్లో పాలు ఏం చేయాలన్నదే పెద్ద పేచీ. కేంద్రానికీ వద్దు, ఇంటికీ వద్దు, దూడలకూ వద్దు, పాలలోంచి మందు పోవడానికి చీటీ మీద రాసిన గడువు పూర్తయ్యేదాకా గుంటలో పోయమన్నాను. పాలు నేలపాలు చేయడానికి అత్తగారు ససేమిరా ఒప్పుకోలేదు. లక్ష్మి కదా అన్నారు. నేను వాదించలేదు. పెద్దాయనకు రేపు ఏదైనా ఇన్ఫెక్షన్ వస్తే మందు పనిచేయకపోయే ప్రమాదం ఉందని, ఆయనకు షుగరు కూడా ఉంది కదా అని కోడలు చెప్పింది. మర్నాడు అత్తగారే స్వయంగా కొబ్బరిచెట్టుకు దూరంగా గుంట తీయించారు.

పాలు తీసిన ప్రతిసారీ చన్నుల్ని పోవిడోన్ అయోడిన్ ద్రావణంలో ముంచడం, వెంటనే గాడిలో పచ్చిగడ్డి వేయడం మొదలైంది. పాలు తీశాక చన్ను రంధ్రం దాదాపు అరగంట తెరుచుకునే ఉంటుంది. ఆ సమయంలో గొడ్డు పేడలో పడుకోకుండా నిలబడి మేస్తే సగం రోగం రాదు.

వేడి సంగతి

గోనెపట్టాల ఆలోచన మంచిదే, కట్టిన తీరు పనిచేయలేదు. నాలుగు వైపులా మూసేసరికి లోపల గాలి ఆడక ఉక్కపోత పెరిగింది. తడి ఆరితేనే చల్లదనం, గాలి లేకపోతే తడి ఆరదు. పడమటి వైపు పట్టా మాత్రం ఉంచి మిగతావి తీయించాం. మధ్యాహ్నం గొడ్ల ఒంటి మీద నీళ్ళు చల్లి ఫ్యాన్ పెట్టడం, కాసేపాగి మళ్ళీ చల్లడం. కరెంటు పోయిన రోజుల్లో ఇది అంతగా సాగలేదు. చావిడి పక్క వేపచెట్టు నీడే ఆదుకుంది.

నీళ్ళ విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ నా లెక్కలో సగం మార్పు దానివల్లే. బోరు నుంచి వచ్చే నల్లపైపు ఎండలో నేల మీదుగా పరిచి ఉంది. సిమెంటు తొట్టి కూడా ఎండలోనే. మధ్యాహ్నం ఆ నీళ్ళల్లో చెయ్యి పెడితే చుర్రుమంది. పాలిచ్చే గేదె ఆ ఎండల్లో రోజుకు 80 లీటర్ల దాకా తాగాలి, అవి తొట్టి దగ్గరికి వచ్చి మూతి పెట్టి వెనక్కి పోతున్నాయి. పైపును మట్టిలో కప్పి, తొట్టి మీద వరిగడ్డితో పందిరి వేశారు. మర్నాటి నుంచే తాగే నీళ్ళు పెరిగాయి.

ఇక మేత వేళ. తిన్నది పొట్టలో పులిసేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. పొద్దున తొమ్మిదింటికి కడుపునిండా వరిగడ్డి వేస్తే ఆ వేడి సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఎండతో కలుస్తుంది. కాబట్టి పచ్చిగడ్డి తెల్లవారుజామున, ఎండుగడ్డి రాత్రి తొమ్మిది తర్వాత. దాణా పాత కొలతకు తగ్గించి రెండు పూటలకు పంచాం. అందులో వంటసోడా, మినరల్ మిక్చర్. వంటసోడా ఒక్కటే చాలదా అని కొడుకు అడిగాడు. అన్నం ఆపకుండా సోడా వేస్తే లాభం లేదు.

ఇక్కడ ఒక చిక్కుంది, సలహాలిచ్చేవాళ్ళం తరచుగా దాటేసేది. ఆ కోడలు నాలుగు కొట్టకముందే లేస్తుంది. పాలు తీసి, క్యాన్లు పంపి, ఎండెక్కకముందే పొయ్యి ఆర్పేయాలని ఎనిమిదిలోపు వంట ముగిస్తుంది. తర్వాత కుడితి, పేడ, మళ్ళీ సాయంత్రం పాలు. రాత్రి తొమ్మిదికి గడ్డి అంటే అది ఎవరి నెత్తిన పడుతుందో తెలిసిందే. కొత్త పని చెప్పేటప్పుడు పాత పని ఒకటి తీయాలి. కుడితిని కడుగునీళ్ళు, తవుడు, తొక్కుల వరకే ఉంచి, ఊళ్ళోంచి అన్నం మోసుకొచ్చే పని పూర్తిగా మాన్పించాం. రాత్రి గడ్డి మగవాళ్ళదని పెద్దాయన ఎదుటే మాట తీసుకున్నాను. మొదట్లో రెండు మూడు రాత్రులు తప్పింది, టీవీలో క్రికెట్. తర్వాత కుదిరింది.

ఫలితం

ముందు పేడ గట్టిపడింది, తర్వాత నెమరు. వెన్న శాతం మెల్లగా మళ్ళీ 7 దగ్గరికి వచ్చింది. పాలు 45కి తిరిగి రాలేదు, 39 దగ్గర ఆగాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో అంతకంటే ఆశించడం అత్యాశే. కేంద్రంలో ఆ మాట అన్నవాళ్ళు మళ్ళీ ఏమీ అనలేదు, క్షమాపణా చెప్పలేదు.

ఇంటి పాల కోసం వేరే గేదెను ఎంచుకున్నారు. గడువు పూర్తయ్యాక ఇంటిగేదె పాలను మళ్ళీ పక్క గేదె పాలతో పాటు విడిగా తోడు పెట్టి, రెండూ ఒకేసారి తోడుకున్నాకే కలిపారు. ఇప్పుడు తోడుకోవడం లేదన్న బాధ పోయి పులుపు బాధ వచ్చింది. దానికి నా వైద్యం అక్కర్లేదు, అత్తగారికే తెలుసు. పాలు ఇంకాస్త చల్లార్చి, తోడు చుక్కంత వేసి, రాత్రి పడుకోబోయే ముందు పెట్టడం. ఆ ఏడు చల్లమిరపకాయలు సగమే పెట్టుకోగలిగారు. మజ్జిగ కుదిరేసరికి మృగశిర మబ్బులు కమ్మాయి.

ఈ కేసు తర్వాత పాలు తగ్గాయని ఎవరు పిలిచినా చావిడి చూశాక వంటగది ప్రశ్నలు అడుగుతున్నాను. మీగడ మందం ఎలా ఉంది, కాస్తే విరిగిందా, పెరుగు ఎన్ని గంటలకు తోడుకుంటోంది, పాలు వద్దంటున్న పిల్లలున్నారా, ఇంటికి ఏ గొడ్డు పాలు వాడతారు. జవాబులు మగవాళ్ళ దగ్గర దొరకవు. అందుకే చావిడి బయట నిలబడి మాట్లాడి వెళ్ళిపోకుండా, తోడు వేసే మనిషి ఎవరో కనుక్కుని వాళ్ళతో మాట్లాడుతున్నాను. మందుల షాపుల వాళ్ళకు కూడా ఒకటి చెబుతున్నాను: "కేంద్రానికి పోయొద్దు" అని ఆపేస్తే సగం మాటే, "ఇంట్లోనూ వాడొద్దు" అని కూడా చెప్పాలి.

ఇంటిగేదె కుడి వెనక చన్నులో పాలు మునుపటిలా రాలేదు. లోపల కొంత కణజాలం పోయింది, ఈ ఈతకు అంతే. వట్టిపోయేటప్పుడు మళ్ళీ చూడాలి. ఇంకో బాకీ కూడా ఉంది. వేసవిలో గేదెలు ఎదకు రావడం తగ్గుతుంది, వచ్చినా అరవకుండా మూగగా, ఎక్కువగా రాత్రిపూటే. ఈ మందలో కట్టించాల్సినవి రెండున్నాయి. ఎద లక్షణాలు ఎలా ఉంటాయో కొడుక్కి చూపించాను, రాత్రి గడ్డి వేసేటప్పుడు గమనిస్తున్నాడు. వానలు పడ్డాక ఒకటి ఎదకు వచ్చింది, కట్టించాం. రెండోది ఇంకా రాలేదు.